ఇంటి తలుపు తాళాలు: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఇళ్ల తాళాలు బాగుచేయడం, మార్చడం, డూప్లికేట్ తాళంచెవులు చేయడం మా పని. రోజూ ఫోన్లో అడిగేవి ఇంచుమించు ఇవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. కార్లు, బీరువాలు, లాకర్ల సంగతి ఇక్కడ లేదు, ఇంటి తలుపుల వరకే. తలుపు బయట నిలబడి ఫోన్లో ఇది చదువుతున్నవాళ్లు మాత్రం వెంటనే కింది ప్రశ్న చూడండి, మిగతావి తర్వాత.

తలుపు మూసుకుని లాక్ పడిపోయింది, తాళంచెవి లోపలే ఉంది, చిన్న పాప కూడా లోపలే ఉంది. ఏం చేయాలి?

పాప ఏడుస్తూ అయినా మాట్లాడుతూ ఉంటే, పొయ్యి వెలగకపోతే, మాకు గానీ దగ్గర్లో ఉన్న ఎవరైనా తాళాల మనిషికి గానీ ఫోన్ చేసి, తలుపు దగ్గరే కూర్చుని పాపతో మాట్లాడుతూ ఉండండి. భయపడి బాత్రూమ్ వైపో బాల్కనీ వైపో పోకుండా ఉండటమే ముఖ్యం. పొయ్యి మీద పాలో పప్పో ఉన్నా, పాప పలకకపోయినా, గ్యాస్ వాసన వచ్చినా మాకోసం చూడొద్దు. 112కి చేయండి, అగ్నిమాపక కేంద్రం 101. ఈలోగా కిటికీ అద్దం పగలగొట్టాల్సి వస్తే పగలగొట్టేయండి, తలుపు బద్దలు కొట్టాల్సి వచ్చినా అంతే. మేం చేరేసరికి అరగంట పట్టొచ్చు, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. తలుపు మళ్లీ కొనుక్కోవచ్చు.

గ్యాస్ వాసన వస్తుంటే కాలింగ్ బెల్ నొక్కొద్దు. గ్యాస్ సిలిండర్ ఇంటి బయట పెట్టుకున్నవాళ్లు వీలైతే రెగ్యులేటర్ కట్టేయండి, మెయిన్ స్విచ్ జోలికి మాత్రం పోవద్దు.

తాళం బిగుసుకుపోయింది. కొబ్బరినూనె వేస్తే రెండు రోజులు బాగానే తిరిగింది, మళ్లీ మొదటికొచ్చింది. ఎందుకలా?

నూనె వల్లే. మన ఇళ్లలో కిర్రుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనో కుట్టుమిషను నూనో పోయడం అలవాటు. తలుపు బందులకైతే ఫర్వాలేదు గానీ తాళం సిలిండరుకు, అంటే తాళంచెవి దూర్చే భాగానికి, అది పనికిరాదు.

సిలిండరు లోపల ఐదో ఆరో సన్నటి రంధ్రాలు వరసగా ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక స్ప్రింగు, ఒకదాని మీద ఒకటిగా రెండు చిన్న ఇత్తడి పిన్నులు. తాళంచెవి పళ్లు వాటిని సరిగ్గా కావలసినంత కదిలిస్తే, రెండు పిన్నుల మధ్య సందు అన్ని రంధ్రాల్లోనూ ఒకే గీత మీదికి వస్తుంది, అప్పుడే లోపలి గుండ్రటి భాగం తిరుగుతుంది. ఒక్క పిన్ను అర మిల్లీమీటరు అటూఇటుగా ఆగినా తిరగదు. అంత సన్నటి చోట నూనె పోస్తే మొదట జారుతుంది, తర్వాత వీధిలో దుమ్ము, తాళంచెవి అరిగి రాలిన ఇత్తడి పొడి, జేబులో నూలు అన్నీ దానికి అంటుకుని నల్లటి ముద్ద అవుతుంది. స్ప్రింగు ఆ ముద్దను నెట్టలేదు, పిన్ను ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అప్పుడు మీరు ఇంకొంచెం నూనె పోస్తారు.

ఇలా చేయండి. తాళంచెవిని గుడ్డతో శుభ్రంగా తుడవండి. తాళం రంధ్రంలోకి డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే సన్న గొట్టంతో ఒకసారి కొట్టి, తాళంచెవి పెట్టి తీసి చూడండి, నల్లగా వస్తుంది. తుడిచి మళ్లీ పెట్టండి, నలుపు రావడం ఆగేదాకా. ఈ స్ప్రే మురికిని కరిగించి బయటికి తేవడానికే, ఎప్పటికీ జారుడుగా ఉంచడానికి కాదు. దాన్నే ప్రతి నెలా కొడుతుంటే కూడా కొబ్బరినూనె కథే. ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత గ్రాఫైట్ పొడి కొంచెం ఊదండి. పొడి దొరక్కపోతే మెత్తటి పెన్సిల్, 4బి అయితే మరీ మంచిది, దాంతో తాళంచెవి పళ్ల మీద, గాళ్లలో నల్లగా రుద్ది పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. చేతికి కాస్త నలుపు అంటుకుంటుంది, అంతే. తడి ఆరకముందే గ్రాఫైట్ వేయొద్దు, రెండూ కలిస్తే మళ్లీ ముద్దే.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు, అంటే కిటికీ తీస్తే ఉప్పుగాలి తగిలే ఇళ్లకు గ్రాఫైట్ కంటే టెఫ్లాన్ డ్రై స్ప్రే వాడమంటాం. ఉప్పు చెమ్మ ఉన్నచోట గ్రాఫైట్ లోహం తుప్పును ఇంకా పెంచుతుంది.

తలుపును పైకి ఎత్తి, లేదా గట్టిగా లోపలికి నెట్టి పట్టుకుంటేనే తాళం పడుతోంది. తాళం మార్చాలా?

వద్దు. ఇది తాళం జబ్బు కాదు, తలుపు జబ్బు. మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే, కొత్త తాళం కొనుక్కొచ్చి పెట్టుకుని "ఇది కూడా పట్టేస్తోందండీ" అని పిలిచేవాళ్లూ ఉంటారు.

ముందు తలుపు తెరిచి పెట్టి, గాలిలోనే తాళంచెవి తిప్పి చూడండి. బోల్టు హాయిగా బయటికి వచ్చి లోపలికి పోతోందా? అయితే తాళం బాగానే ఉంది. మూసినప్పుడే బిగుస్తోందంటే ఆ బోల్టు ఎదురుగా ద్వారబంధంలో ఉన్న రేకు రంధ్రంలోకి నేరుగా పోవడం లేదు, అంచుకు కొట్టుకుంటోంది. ఎక్కడ కొట్టుకుంటోందో తెలియాలంటే దేవుడి గూట్లో కుంకుమ చాలు. బోల్టు మొనకు వేలితో కాస్త తడి కుంకుమ రాసి, తలుపు వేసి, తాళం తిప్పి, తెరిచి ఎదురు రేకు చూడండి. రంధ్రానికి కింది అంచున ఎర్రమచ్చ పడితే తలుపు కిందికి జారింది. పక్కన పడితే తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా చెక్క ఉబ్బింది.

తలుపు జారడానికి కారణం సాధారణంగా పై బందు. మన సింహద్వారాలు టేకువో వేపవో, మంచి బరువుంటాయి. ఆ బరువంతా పై బందు స్క్రూల మీద వేలాడుతుంది, పైగా పిల్లలు హ్యాండిల్ పట్టుకుని ఊగుతారు. స్క్రూ బిగించి చూడండి. ఊరికే తిరుగుతోందంటే చెక్క తినేసింది. దాన్ని తీసి, ఆ రంధ్రంలో ఫెవికాల్ రాసిన వెదురు పుల్ల దూర్చి, ఆరాక అంచులు కోసేసి, అదే లావు ఉన్న పొడవాటి స్క్రూ వేస్తే చాలా తలుపులు మళ్లీ తమ చోటికి వస్తాయి. మనిషి ఒకరు తలుపును కింద నుంచి ఎత్తి పట్టుకోవాలి, ఒక్కరే చేసే పని కాదు.

కుంకుమ మచ్చ ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా చూపిస్తే, ఎదురు రేకు రంధ్రాన్ని ఆకురాయితో ఆ వైపు కొంచెం రాస్తే సరిపోతుంది. అంతకు మించితే రేకు ఊడదీసి చోటు మార్చాలి, అప్పుడు వడ్రంగి ఉంటే మంచిది.

ఇలాగే తలుపును నెట్టి పట్టుకుని ఏళ్లు నడిపేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. బలం అంతా తాళంచెవి మీద పడుతుంది. అది మొదట మెలి తిరుగుతుంది, తర్వాత ఒకరోజు రాత్రి పదకొండింటికి విరుగుతుంది.

వానాకాలంలో మాత్రమే బిగుస్తోంది. చిత్రిక పట్టించాలా?

ఆగండి. చెక్క గాలిలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, గాలి పొడిబారాక మళ్లీ తగ్గుతుంది. మన వైపు జూన్ నుంచి నవంబర్ తుపాన్ల దాకా తేమే తేమ. ఆగస్టులో బిగుతుగా ఉందని చిత్రిక పట్టించిన తలుపుకు ఫిబ్రవరిలో వేలు దూరేంత సందు వస్తుంది, అప్పుడు తాళం బోల్టు ఎదురు రేకులో చాలినంత లోతుకు పోదు. మరీ కదలకపోతే తగులుతున్న చోట మాత్రం గరుకు కాగితంతో రుద్దించండి.

అసలు మందు వేరే ఉంది. తలుపు ముందూ వెనకా నిగనిగలాడేలా పాలిష్ చేయిస్తారు గానీ, పై అంచు, కింది అంచు ఎవరూ చూడరు. నీళ్లు పీల్చేది అక్కడే, చెక్క నారలు తెరుచుకుని ఉండేది అక్కడే. ఎండాకాలంలో, తలుపు బాగా ఎండి ఉన్నప్పుడు ఊడదీయించి ఆ రెండు అంచులకూ పెయింటో పాలిషో పూయించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో వానకు ఎదురు నిలిచిన తలుపుల్లో ముందు పాడైనవి కింది అంచు పచ్చిగా వదిలేసిన ఫ్లష్ డోర్లే. ప్లై విడిపోయి, లోపల తాళం డబ్బాలో నీళ్లు నిలిచి, స్ప్రింగులు తుప్పు పట్టాయి.

తాళంచెవి విరిగి సగం లోపలే ఉండిపోయింది.

చేతిలో ఉన్న సగం పారేయొద్దు, దాన్ని చూసే కొత్తది చేస్తాం. లోపలి ముక్క కొంచెం బయటికి కనిపిస్తుంటే, రంధ్రం నిలువుగా, అంటే మామూలుగా మీరు తాళంచెవి పెట్టే స్థితిలో ఉందో లేదో చూడండి. సగం తిరిగి విరిగితే పిన్నులు ముక్కను పట్టుకుని ఉంటాయి, ఎంత లాగినా రాదు. సన్న స్క్రూడ్రైవరుతో మెల్లగా నిలువు స్థితికి తిప్పి, అప్పుడు పటకారుతో లాగండి. ముక్క కనిపించకపోతే మీరు చేయగలిగింది పెద్దగా లేదు.

ఫెవిక్విక్ మాత్రం వద్దు. విరిగిన ముక్కకు గమ్ రాసి లోపలి ముక్కకు అతికించి లాగుదామని చేసినవాళ్ల దగ్గరికి మేం వెళ్లేసరికి పిన్నులు, స్ప్రింగులు, ముక్క అన్నీ ఒకే గడ్డ. రెండు నిమిషాల పని కాస్తా సిలిండరు మార్చే పని అవుతుంది.

డూప్లికేట్ చేయించాం, తిరుగుతోంది గానీ పట్టేస్తోంది.

దేన్ని చూసి చేయించారు? పదేళ్లు వాడిన తాళంచెవిని మిషన్లో పెడితే మిషను దాని అరుగుదలను కూడా అలాగే కోస్తుంది. డూప్లికేటుకు డూప్లికేటు, దానికి మళ్లీ ఇంకొకటి చేయిస్తూ పోతే ప్రతిసారీ కొంచెం తేడా కలుస్తుంది. కొత్త తాళంతో వచ్చిన మూడు నాలుగు తాళంచెవుల్లో ఒకటి అసలు వాడకుండా బీరువాలో పెట్టేయండి, ఎప్పుడు డూప్లికేట్ కావాలన్నా దాన్నే తీసుకెళ్లండి. తాళం డబ్బాలో కార్డు మీద నంబరు ఉంటే ఆ కార్డు కూడా దాచండి.

పళ్లకు బదులు గుంటలు ఉండే తాళంచెవులు, మన దగ్గర కంప్యూటర్ కీ అంటారు, వాటికి వేరే మిషన్ ఉండాలి. రోడ్డు పక్క మామూలు మిషన్‌తో ఎలాగో గీకి ఇచ్చారంటే తీసుకోవద్దు.

వాట్సాప్‌లో తాళంచెవి ఫొటో పంపుతాం, చేసి ఉంచుతారా?

చేయం. మీరు కూడా ఎవరికీ పంపొద్దు. 2008లోనే శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు దూరం నుంచి తీసిన ఫొటోలోని తాళంచెవి కోతలను కంప్యూటర్‌తో లెక్కగట్టి చూపించారు, ఇప్పుడు ఫోన్ కెమెరాలు అప్పటికంటే ఎంత బాగున్నాయో మీకే తెలుసు. కొత్త ఫ్లాట్ తాళాలు చేతికి వచ్చిన ఆనందంలో తాళంచెవి మొహం ముందు పట్టుకుని ఫొటో తీసి, ఏ అపార్ట్‌మెంటో కూడా రాసి స్టేటస్ పెడుతున్నారు. గుత్తిని పిడికిట్లో పట్టుకుని దిగండి, ఫొటో అంతే బాగుంటుంది.

తాళంచెవి ఎక్కడో పోయింది. మొత్తం తాళం మార్చాలా?

ఎలా పోయిందన్నదాన్ని బట్టి. భీమిలి బీచ్‌లో అలల్లో పడిపోతే డూప్లికేట్ చేయించుకుని ఊరుకోవచ్చు. ఆధార్ కార్డున్న పర్సుతో కలిపి ఆటోలో మర్చిపోతే ఆ రాత్రే మార్చండి. మార్చాల్సింది కూడా చాలా తలుపులకు సిలిండరు ఒక్కటే. హ్యాండిల్, తలుపు లోపల డబ్బా అలాగే ఉంటాయి. షాపువాళ్లు సెట్టు మొత్తం అంటగట్టాలని చూస్తారు, ఒప్పుకోవద్దు.

సిలిండరు మేమే మార్చుకోవచ్చా?

నిక్షేపంగా. హ్యాండిల్ ఉన్న మార్టిస్ తాళాలకు, అంటే డబ్బా తలుపు మందంలోకి దూరి ఉండేవాటికి, ఇది స్క్రూడ్రైవర్ పని. తలుపు తెరిచి పక్క అంచు చూడండి, సిలిండరుకు సమంగా ఒక పొడుగు స్క్రూ తల కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా తీసేయండి. ఇప్పుడు సిలిండరు లాగితే రాదు, ఇక్కడే చాలామంది సుత్తి తీస్తారు. లోపల సిలిండరు మధ్యలో ఒక చిన్న రెక్క ఉంటుంది, బోల్టును తిప్పేది అదే. తాళంచెవి తీసేసిన స్థితిలో ఆ రెక్క ఒక పక్కకు పొడుచుకుని ఉండి డబ్బాకు అడ్డుపడుతుంది. తాళంచెవి పెట్టి కొద్దిగా, గడియారం ముల్లు ఒకటి రెండు నిమిషాలు జరిగినంత, తిప్పి పట్టుకుని మెల్లగా లాగండి. రెక్క సిలిండరు ఒంట్లోకి సర్దుకున్న చోట టక్కున జారి వచ్చేస్తుంది.

కొత్తది కొనేముందు కొలత ముఖ్యం. 60, 70 మిల్లీమీటర్లు అని మొత్తం పొడవు చెబితే చాలదు, మధ్య స్క్రూ రంధ్రం నుంచి లోపలి వైపు ఎంత, బయటి వైపు ఎంత అని విడివిడిగా కొలవాలి. పాతది చేతిలో పట్టుకుని షాపుకెళ్తే ఈ గొడవే ఉండదు. బయటి వైపు ప్లేటు దాటి మూడు మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు, వస్తే పట్టి విరవడానికి దొంగకు అవకాశం మనమే ఇచ్చినట్టు.

బిగించాక తలుపు మూయకండి. తెరిచి ఉంచే కొత్త తాళంచెవులన్నిటినీ ఒక్కొక్కటిగా రెండు వైపుల నుంచీ తిప్పి చూశాకే మూయండి.

లోపల తాళంచెవి పెట్టి ఉంటే బయట నుంచి తెరుచుకోవడం లేదు.

మామూలు సిలిండర్ల స్వభావమే అంత. లోపలి వైపు తాళంచెవి ఉంటే బయటిది పూర్తిగా లోపలికి పోదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో, ఇక్కడ అమ్మ ఒక్కరే, రాత్రి తాళం వేసి తాళంచెవి దానికే వదిలేసి పడుకుంటారు. పక్కింటివాళ్ల దగ్గర స్పేర్ ఉన్నా ఉపయోగం లేదు. ఇలాంటి ఇళ్లకు రెండు మార్గాలు: లోపల తాళంచెవికి బదులు చేత్తో తిప్పే నాబ్ ఉండే సిలిండరు, లేదా లోపల తాళంచెవి ఉన్నా బయట నుంచి తెరుచుకునే ఎమర్జెన్సీ సిలిండరు. మొదటిది ప్రతి షాపులో దొరుకుతుంది. దానితో పాటు పైన టవర్ బోల్ట్ కూడా వేసుకుంటే మాత్రం ఏ సిలిండరూ సాయం చేయలేదు, కాబట్టి "అమ్మా, పై గడియ వేయకు" అని చెప్పి ఒప్పించే పని మీదే, మా వల్ల కాదు.

రాత్రి గ్రిల్ గేటుకు లోపల నుంచి తాళంకప్ప వేసి, తాళంచెవి దాచి పడుకుంటాం. తప్పా?

దాచడం తప్పు. మంటలు వచ్చి, కరెంటు పోయి, ఇల్లంతా పొగ నిండినప్పుడు బీరువా అరలో చీరల కింద తాళంచెవి వెతకలేరు. గేటు బయట నుంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో, ఇంట్లో అందరికీ తెలిసిన ఒకే మేకుకు తగిలించండి. పనమ్మాయి ఇంట్లోనే పడుకుంటే తనకీ తెలియాలి.

పండక్కి ఊరెళ్తున్నాం. బయట పెద్ద తాళంకప్ప మంచిదా, తలుపులో ఉన్న తాళం చాలా?

తలుపులో తాళమే, రెండు చుట్లూ తిప్పి. చాలామంది ఒక చుట్టు తిప్పి వెళ్లిపోతారు, రెండో చుట్టుకే బోల్టు పూర్తి పొడవు బయటికి వస్తుంది. తలుపు దగ్గరికి లాగితే దానంతట అదే పడే లాచ్‌ను తాళంగా లెక్కపెట్టొద్దు, అది గాలికి తలుపు తెరుచుకోకుండా ఉండటానికే.

బయట వేలాడే కప్ప రెండు పనులు చేస్తుంది: ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చెబుతుంది, ఒక ఇనప కడ్డీకి ఆధారం ఇస్తుంది. ఎంత ఖరీదైన కప్ప కొన్నా అది వేలాడేది అరంగుళం స్క్రూలతో బిగించిన రేకు గొళ్ళెం మీద. దొంగలు కప్ప జోలికి పోరు, గొళ్ళేన్నే పెరికేస్తారు. కప్ప తప్పదనుకుంటే గొళ్ళేన్ని స్క్రూలతో కాకుండా తలుపుకు అడ్డంగా పోయే బోల్టులతో, లోపల నట్లతో బిగించండి. ద్వారబంధంలో ఎదురు రేకుకు కూడా కంపెనీ ఇచ్చిన చిన్న స్క్రూలు తీసి రెండున్నర అంగుళాలవి వేయించండి. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ, తాళం బలం నిజంగా పెరిగేది దీనితోనే.

స్పేర్ తాళంచెవి చెప్పుల స్టాండులో, కరెంటు మీటరు పైన, తులసికోట వెనక పెట్టకండి. దొంగ చూసే మొదటి మూడు చోట్లు అవే. సంక్రాంతి, దసరా ముందు రెండు రాష్ట్రాల పోలీసులూ ఊరెళ్లేవాళ్లు స్టేషన్‌లో చెప్పి వెళ్లమంటారు, సిగ్గుపడకుండా చెప్పండి. ఏపీ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో తాళం వేసిన ఇళ్లలో కెమెరా పెట్టి గమనించే ఏర్పాటు తెచ్చారు, మీ స్టేషన్ పరిధిలో ఇప్పుడు ఎలా నడుస్తోందో ముందే కనుక్కోండి.

ఎన్ని లీవర్లుంటే అంత మంచిదా? ఏ కంపెనీ కొనాలి?

లీవర్ల తాళం వేరు, పిన్నుల తాళం వేరు. లీవర్లంటే తాళంచెవి పైకి ఎత్తే పలుచటి రేకులు. లీవర్లది 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి, మన తాళంకప్పల్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. పిన్నులది 1860లలో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ స్థిరపరిచింది. మన దేశంలో ఆర్దేశిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాలు మొదలుపెట్టింది 1897లో. ఆలీగఢ్ తాళాలకు పేరు, తమిళనాడు దిండుక్కల్ తాళాలకు 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది.

లీవర్లు పెరిగితే అడ్డదారిలో తెరవడం కష్టమవుతుంది, నిజమే. కానీ ఎనిమిది లీవర్ల కప్పను సులువుగా ఊడిపోయే గొళ్ళేనికి వేస్తే లీవర్లు లెక్కపెట్టుకోవడమే మిగులుతుంది. కంపెనీ పేరు చెప్పం. పేరున్నదేదైనా బిల్లుతో కొనండి, ప్యాకెట్ సీలు మీ ముందు తీయించండి. నకిలీలు ఎక్కువ.

సముద్రం దగ్గర ఇళ్లకైతే ఇత్తడి సిలిండరు, ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 హ్యాండిల్. బీచ్ ఎదురుగానే ఉంటే 316. మెరిసే పూత పూసిన వైట్ మెటల్ హ్యాండిల్ షోరూములో ఎంత అందంగా ఉన్నా ఇక్కడి గాలికి బుడగలు లేచి పొట్టు ఊడుతుంది.

డిజిటల్ లాక్ పెట్టించుకోమంటారా?

పిల్లలు స్కూల్ నుంచి వచ్చే వేళకు ఎవరూ ఉండని ఇంటికి మంచిదే. కానీ ముందు తలుపు జారుడు, ఉబ్బు సరిచేయించాలి. చేత్తో తిప్పే తాళానికైతే మనం కాస్త నెట్టి సర్దుకుంటాం, మోటారు సర్దుకోదు. మొరాయిస్తుంది, బ్యాటరీ తినేస్తుంది. తలుపు మందం కూడా కొలవండి, చాలా మోడళ్లకు 35 మిల్లీమీటర్లయినా ఉండాలి.

వేలిముద్ర అందరికీ పనిచేయదు. పెద్దవాళ్ల వేళ్లు, రోజూ గిన్నెలు తోమే చేతులు, అప్పుడే కడిగిన తడి వేళ్లు మిషన్‌కు సరిగా అందవు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ రెండు చేతుల నుంచీ ఒక్కో వేలు నమోదు చేసి, నంబరు కూడా నేర్పండి. బ్యాటరీ తగ్గిందని కూత పెట్టినప్పుడే మార్చండి, మామూలు ఆల్కలైన్‌వి వేయండి. అది కూడా మర్చిపోతే బయట కింది భాగంలో 9 వోల్టుల బ్యాటరీ ఆనించే చోటో, టైప్-సి రంధ్రమో ఉంటుంది, పవర్ బ్యాంకుతో తెరవొచ్చు.

దాంతో పాటు ఇచ్చే మామూలు తాళంచెవిని ఇంట్లో బీరువాలో దాచుకునేవాళ్లున్నారు. అది ఇంటి బయట ఉండాలండీ! ఆఫీసులోనో, నమ్మకమైన చుట్టాల ఇంట్లోనో.

అద్దె ఇంట్లో దిగుతున్నాం, తాళం మార్పించుకోవచ్చా?

మార్చాలి. మీకు ముందున్నవాళ్లు, వాళ్ల పనమ్మాయి, బ్రోకరు, పెయింటరు, ఎవరి దగ్గర ఎన్ని డూప్లికేట్లు ఉన్నాయో ఓనరుకు కూడా తెలియదు. ఓనరుగారికి చెప్పి సిలిండరు ఒక్కటి మార్పించుకోండి, పాతది కవర్లో పెట్టి దాచి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించి మీది తీసుకుపోవచ్చు. ఓనరు సమ్మతి లేదని చెబితే మేం చేయం.

బాత్రూమ్‌లో మా అబ్బాయి గడియ పెట్టుకుని తీయలేకపోతున్నాడు.

గుండ్రటి నాబ్ అయితే బయటి వైపు మధ్యలో చిన్న గాడి గానీ రంధ్రం గానీ ఉంటుంది. గాడి అయితే రూపాయి బిళ్లతో తిప్పండి, రంధ్రం అయితే సన్న స్క్రూడ్రైవరు లోపలికి నొక్కండి. టవర్ బోల్ట్ అయితే ఇవేవీ కుదరవు, అందుకే చిన్నపిల్లలున్న ఇళ్లలో బాత్రూమ్ గడియ వాళ్ల చేతికి అందని ఎత్తులో పెట్టించమంటాం.

గృహప్రవేశం అయి నెల కాలేదు, కొత్త తాళం అప్పుడే పట్టేస్తోంది.

కొత్త ఇళ్లలో తాళానికి శత్రువులు చాలామంది. టైల్స్ కోసిన పొడి, పుట్టీ గీకిన పొడి, పాలిష్ కొట్టిన లక్క అన్నీ సిలిండరులోకే పోతాయి. పనులు పూర్తయ్యేదాకా చవక సిలిండరు పెట్టుకుని, అసలుది గృహప్రవేశం ముందు రోజు బిగించుకోవడం మంచిది. మేస్త్రీల దగ్గర తిరిగిన తాళంచెవుల బాధ కూడా దాంతోనే తీరుతుంది. పెయింటర్లు వచ్చినప్పుడు తాళం రంధ్రం, లాచ్, ఎదురు రేకు మూడింటికీ టేపు వేయించండి.

తర్వాత మనం చేసేవి. గడపకు పసుపు రాసేటప్పుడు చెయ్యి తుడుచుకునేది హ్యాండిల్‌కే. పండక్కి తలుపు కడగాలని బకెట్ నీళ్లు కొడతాం. అగరొత్తి గుచ్చడానికి చోటు లేక తాళం రంధ్రంలో గుచ్చినవాళ్లు కూడా ఉన్నారు, ఆ పుల్ల లోపల విరిగితే ఇక చెప్పక్కర్లేదు. తలుపును తడి గుడ్డతో తుడిస్తే చాలు.

తాళం తీయమని పిలిస్తే ఆధార్ అడుగుతున్నారు, మా ఇంటికి మేమే దొంగలమా?

కాదని మాకెలా తెలుస్తుంది చెప్పండి. ఆ అడ్రసు ఉన్న కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, ఏదో ఒకటి చూస్తాం. అవన్నీ లోపలే ఉండిపోతే వాచ్‌మన్ గానీ ఎదురింటివాళ్లు గానీ "వీళ్లదే" అని చెప్పాలి, తెరిచాక కార్డు చూపించాలి. భార్యాభర్తల గొడవల్లో, అన్నదమ్ముల వాటాల గొడవల్లో ఉన్న ఇళ్ల తాళాలు పోలీసులో కోర్టు మనిషో పక్కన లేకుండా ముట్టుకోం. ఏమీ అడగకుండా తెరిచిపెట్టే మనిషి దొరికితే సంతోషించకండి, రేపు ఇంకెవరో పిలిచినా మీ తలుపు అలాగే తెరుస్తాడు.

ఎంత తీసుకుంటారు?

అంకెలు ఇక్కడ రాయం, ఆర్నెల్లకే పాతబడతాయి. ఎవరిని పిలిచినా ఫోన్లోనే మూడు అడగండి: వచ్చినందుకు ఎంత, పనికి ఎంత, సామాను మార్చాల్సి వస్తే అది ఎవరు కొంటారు. రాత్రిపూట ఎక్కువే ఉంటుంది, అది న్యాయమే. తాళం ఫొటో పంపండి, తాళంచెవి ఫొటో కాదు. వచ్చీ రావడంతోనే డ్రిల్ మిషన్ తీసేవాళ్లతో జాగ్రత్త. మామూలు తలుపు తాళాల్లో చాలావాటిని పాడు చేయకుండానే తెరవొచ్చు, డ్రిల్ అన్నది చివరి మాట. డ్రిల్ చేస్తే తాళం మీది పోతుంది, కొత్తది అమ్మే లాభం వాళ్లది. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి.

తాతల నాటి ఇంటి తలుపు తాళం, తాళంచెవి జానెడుంటుంది. బాగవుతుందా, తీసేసి కొత్తది పెట్టించాలా?

తీసేయకండి. అవి లీవర్ తాళాలు, లోపల పనితనం చాలా గట్టిది, చెడిపోయేది సాధారణంగా ఒక్కటే, లీవరును కిందికి నొక్కే బల్లపరుపు స్ప్రింగు. అది విరిగితే లీవరు వేలాడిపోయి తాళంచెవి ఖాళీగా తిరుగుతుంది. ఆ కొలత స్ప్రింగు షాపులో దొరకదు, ఉక్కు పట్టీ కోసి చేత్తో వంచి చేస్తాం. తాళంచెవి పోయినా ఫర్వాలేదు. తాళం విప్పి లీవర్లు కనిపిస్తే వాటిని చూసి ఆకురాయితో కొత్తది దిద్దొచ్చు. ఒకటి రెండు రోజులు పడుతుంది, కాబట్టి తాళం ఊడదీసి తెచ్చేముందు తలుపుకు లోపల నుంచి ఒక గడియ ఉండేలా చూసుకోండి. స్క్రూలు తుప్పుకు బిగుసుకుంటే బలవంతం చేయకండి. ముందు రోజు రాత్రి ఒక్కో స్క్రూ తల మీద రెండు చుక్కలు కిరోసిన్ వేసి ఉంచండి. చెక్క చుట్టూ గీతలు పడకుండా తీయాలంటే గాడికి సరిపోయే వెడల్పు స్క్రూడ్రైవరే వాడాలి, సన్నది పెడితే గాడి పోతుంది. అంత దూరం రాలేకపోతే తలుపు పక్క అంచు వైపు నుంచి తాళం ఫొటో, పొడవు, వెడల్పు, మందం కొలతలు పంపండి, మేమే వచ్చి చూస్తాం.